తన మనవి చెప్పుకోని అక్క

గాలిని పుట్టించి, ఆ గాలి మీద తేలే తెలివిని పక్షి రెక్కలోనే పెట్టి పంపిన దేవునికి స్తోత్రం. మనిషికి రెక్కలివ్వకపోయినా, రెక్కను గీసుకునే ఆశ ఇచ్చినందుకు స్తోత్రం. ఇచ్చినప్పుడు స్తోత్రం చెప్పాలనీ, తీసుకున్నప్పుడు కూడా చెప్పాలనీ ఆదివారపు బడిలో నేర్చుకున్నాను. ఈమధ్య ఆ రెండోది గొంతులో ఆగి ఆగి వస్తోంది. అయినా వస్తోంది. అందుకూ ఆయనకే మహిమ.

పోయిన బుధవారం గృహ కూడిక ఉప్పుగూడలో మా ఇంట్లో జరిగింది. పాటలయ్యాక, మనవులు చెప్పుకున్నాక, ప్రార్థన మొదలుపెట్టమని మరియవ్వను అడిగాము. మా సంఘంలో అందరికన్నా పెద్దామె. ఈమధ్య మతిమరుపు వచ్చింది. రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థించి, కొంగు నెత్తి మీదికి ఇంకొంచెం లాక్కుని ఇలా అన్నది.

"ప్రభువా, మా పిల్ల ఇమానం సీజీ ముంగటికి తే నాయనా. తోక బరువు నువ్వే తియ్యి తండ్రీ."

గదిలో ఎవరూ ఆమెన్ అనలేదు. అవ్వ కళ్ళు తెరిచి చుట్టూ చూసింది.

"ఏంది, అందరు గమ్మునున్నరు?"

"అవ్వా, ఆ పిల్ల లేదు గద," అని మా అమ్మ మెల్లగా చెప్పింది.

"లేదా? యాడికి వొయ్యింది?"

వాక్యం చదివే మా అందరి దగ్గరా ఆ ప్రశ్నకు జవాబుంది. అయినా మా అమ్మ అవ్వ వీపు నిమిరి, మిగతా ప్రార్థన తనే ముగించింది. గోడ పక్కన ఆ పిల్ల తల్లి కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఆ చోటు చూస్తూ కూర్చున్నప్పుడే, నేను అక్కా అని పిలిచే ఆ పిల్ల గురించి రాయాలనిపించింది.

విశ్వవిద్యాలయంలో ఏరోస్పేస్ వాహనాల రూపకల్పన చదివింది అక్క. నాకన్నా ఒక ఏడాది పెద్ద. ఆమెను చూసే నేనూ అదే కోర్సులో చేరాను. తండ్రి రైల్వేలో పట్టాల పని చేస్తూ పోతే ఆ ఉద్యోగం తల్లికి వచ్చింది. తల్లీ బిడ్డా ఇద్దరే. ఆఖరి సంవత్సరం మొదట్లో డాక్టర్లు అక్క గుండెలో ఒక కవాటం పాడైందనీ, ఆపరేషన్ తొందరగా చేయించుకోవాలనీ చెప్పారు. ఆమె దాన్ని తన ప్రాజెక్టు ఆఖరి సమీక్ష అయ్యాక పెట్టుకుందామన్నది. ఎవరికీ చెప్పొద్దని తల్లి చేత ఒట్టు వేయించుకుంది. ఈ సంగతి అప్పుడు సంఘంలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. ఇక్కడ ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆ ఏడాది ఆమెను తలుచుకోవాలంటే ఇప్పుడు నాకు ఇది లేకుండా తలుచుకోవడం చేతకావడం లేదు.

మా కూడికల్లో ఒక అలవాటుంది. ప్రార్థనకు ముందు ఒక్కొక్కరు లేచి తమ మనవి చెబుతారు. అబ్బాయికి ఉద్యోగం కావాలి, మోకాళ్ళ నొప్పులు తగ్గాలి, జల్‌పల్లిలో కొన్న ప్లాటు కేసు తేలాలి. చెప్పిన మనవిని అందరూ ఇంటికి తీసుకుపోతారు. వారమంతా దాని కోసం ప్రార్థించి, మళ్ళీ బుధవారం ఏమైందని అడుగుతారు. మా దగ్గర మనవి చెప్పడమంటే అందరి చేతుల్లో పెట్టడమే.

అక్క మొదటిసారి లేచి చెప్పిన మనవి నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"మా విమానం సీజీ వెనక్కి పోయింది. అది ముందుకు రావాలని ప్రార్థన చెయ్యండ్రి."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా పాస్టరు అయ్యగారు కూడా దగ్గి ఊరుకున్నారు. మరియవ్వ మాత్రం అడిగింది.

"సీజీ అంటె ఎవరు బిడ్డా? మీ సారా?"

అక్క నవ్వలేదు. అవ్వ ముందు కూర్చుని, అవ్వ చేతికర్ర తీసుకుని, ఒక్క వేలు మీద అడ్డంగా నిలబెట్టింది. కర్ర అటూ ఇటూ ఊగి నిలిచింది.

"అగో, ఇదే సీజీ. బరువు మొత్తం ఈడనే ఉన్నట్టు. ఇప్పుడు ఈ కొసకు నీ సంచి తగిలిచ్చిననుకో, ఏమయితది?"

"నా సంచి కింద వడ్తది."

"గట్లనే మా విమానం. తోక దిక్కు బరువెక్కువై ముక్కు పైకి లేపుతది. ఇగ పట్టలేము."

"మరి తోక దిక్కు బరువు ఎవ్వడు పెట్టిండు?"

"మేమే పెట్టినం అవ్వా."

"చదువుకున్నోళ్ళు," అని అవ్వ నిట్టూర్చి, అప్పటికప్పుడు కళ్ళు మూసుకుని ప్రార్థించింది. ఆ రోజు నుంచి మా స్త్రీల సమాజం మొత్తం ఒక విమానం గురుత్వ కేంద్రం కోసం మోకరించడం మొదలుపెట్టింది. నేను క్లాసులో ఆ పాఠం వినేనాటికి, మా అమ్మ దాని కోసం అప్పటికే ఎన్నో వారాలుగా ప్రార్థిస్తోంది.

వాళ్ళు ఒక్క పొరపాటు మాత్రం పడ్డారు. ఆ విమానం నిజంగా తయారవుతోందనుకున్నారు. మా కోర్సులో ఆఖరి సంవత్సరం నలుగురు కలిసి ఒక వాహనాన్ని మొదటి నుంచి రూపకల్పన చేయాలి. లెక్కలు, బొమ్మలు, కంప్యూటర్‌లో పరీక్షలు. కట్టడం ఉండదు. అక్క ఈ సంగతి చాలాసార్లు చెప్పింది. విన్నవాళ్ళెవరూ నమ్మలేదు. ఇంత ప్రార్థించిన విమానం కాగితం మీద ఉండిపోవడమేమిటని వాళ్ళ నమ్మకం. శంషాబాద్ వైపు దిగే విమానం మా ఇళ్ళ మీదుగా పోతే, అవ్వ అరుగు మీద నుంచి చెయ్యి అడ్డం పెట్టి చూసి, "మన పిల్లదేనా?" అనేది.

స్టేషన్ దగ్గర చాయ్ అమ్మే చాచా కూడా విమానం ఎప్పుడు ఎగరేస్తావని అక్కను అడిగేవాడు.

"క్యా బేటా, జహాజ్ కబ్ ఉడారే?"

"అభీ కాగజ్ పే ఉడ్రా చాచా," అని, ఇంకా కాగితం మీదే ఎగురుతోందని అక్క చెప్పేది.

"కాగజ్ పే తో మేరా హోటల్ భీ ఫైవ్ స్టార్ హై," అని నవ్వి, గ్లాసులో కొంచెం ఎక్కువ పోసేవాడు.

వాళ్ళ విమానం మనిషి లేకుండా ఎగిరేది, చిన్నది. వానలకు చెరువు నిండి బస్తీల్లోకి నీళ్ళొచ్చినప్పుడు, ఇళ్ళలో చిక్కుకున్నవాళ్ళకు మందులు చేరవేయడానికి. ఆ ఆలోచన అక్కదే. మా దగ్గర ఒకసారి నీళ్ళొచ్చినప్పుడు బీపీ బిళ్ళలు లేక డాబాల మీద పెద్దవాళ్ళు పడ్డ అవస్థ ఆమె చూసింది. నలుగురిలో ఒకరు రెక్క చూసుకుంటే, ఒకరు మోటారు, ఒకరు నియంత్రణ. అక్కది బరువు. ఏ జట్టులోనైనా బరువు చూసేవాళ్ళంటే మిగతావాళ్ళకు కిట్టదు. అందరూ ఏదో ఒకటి తగిలించాలని వస్తారు, వీళ్ళు వద్దంటారు.

వద్దనడానికి అక్క దగ్గర ఒకే మాట ఉండేది. ఎవరైనా ఇంకో కెమెరా పెడదామంటే, బొమ్మను చాలాసేపు చూసి, "మంచిగనే ఉంది. ఎవ్వరు మోస్తరు?" అనేది. అంతే. అడిగినవాళ్ళు బొమ్మ మడిచి పట్టుకుపోయేవాళ్ళు.

ఆ మాట మందిరంలోకి కూడా తెచ్చింది. క్రిస్మస్‌కు యువకులు ఇనుప కడ్డీలతో పెద్ద నక్షత్రం చేసి రేకుల కప్పు మీద నిలబెడతామన్నారు. అక్క కప్పు వంక చూసి, "ఎవ్వరు మోస్తరన్నా?" అన్నది.

"మేం పదిమంది ఉన్నం. మోస్తం," అన్నాడు వాళ్ళ నాయకుడు.

"పైకి తీసుకపోయేటందుకు మీరున్నరు. పైకెక్కినంక రేకు మోయాలె. రేకును అడిగినవా?"

"ఏయ్, నువ్వు చర్చిని కూడా ఎగిరిస్తవా ఏంది?"

"గాలొస్తె అదే ఎగురుతది. నేనెందుకు ఎగిరియ్యాలె?"

చివరికి వెదురు బద్దలతో, రంగు కాగితంతో అంతే పెద్ద నక్షత్రం ఆమే కట్టించింది. ఒక్కచేత్తో ఎత్తి చూపించింది. దాన్ని చూడటానికి కిషన్‌బాగ్ నుంచి కూడా మనుషులొచ్చారని యువకులు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. తామే చేశామన్నట్టు.

ఆదివారపు బడిలో మేమిద్దరం పిల్లలకు పాఠం చెప్పేవాళ్ళం. ఓడ పాఠం మాత్రం నాకు ఇచ్చేది కాదు. పొడవెంత, వెడల్పెంత, ఎత్తెంత అని దేవుడు నోవహుకు చెప్పిన కొలతల్ని తాడుతో బయట గల్లీ పొడవునా కొలిచి చూపించబోయి, గల్లీ చాలక పిల్లలతో తిరిగి వచ్చేది. ఒకసారి పాఠమయ్యాక నాతో అన్నది.

"ఒక సంగతి చూసినవా? ఆయన కొలతలన్ని చెప్పిండు. బరువు మాత్రం చెప్పలే."

"ఎందుకు?"

"అది నోవహుకు ఇడిసిపెట్టిండు. ఏది ఎక్కియ్యాలె, ఎంత ఎక్కియ్యాలె, ఎవరు ఎవరిని మొయ్యాలె, అదంత మనుషుల పని."

నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ మాట ఎవరి నోటా వినలేదు. ఒక ఆదివారం సంఘంలో చెప్పమన్నాను. "అయ్యగారి పని నాకెందుకే, ఉన్నదే ఎక్కువైతున్నది," అన్నది.

ఉప్పుగూడ స్టేషన్‌లో మేము రోజూ రైలెక్కేవాళ్ళం. అవతలి ప్లాట్‌ఫారానికి పోవాలంటే మెట్ల వంతెన ఎక్కాలి. అక్క సగం మెట్ల మీద ఆగిపోయి, రెయిలింగు పట్టుకుని, ఆకాశం చూపించేది.

"అగో చూడు, ఫ్లాప్స్ దించిండు. ఇప్పుడు రెక్క వెడల్పయినట్టు కనవడ్తలేదా? ఉండు, చక్రాలు దించేదాక చూద్దాం."

"అక్కా, రైలొస్తది."

"రైలు మల్ల వస్తది. ఎప్పుడు కింద చూసుకుంట నడిచేదానివి, విమానాలెట్ల చేస్తవే నువ్వు?"

నేను ఆమె పక్కన నిలబడి చూసేదాన్ని. చక్రాలు దిగాక, ఆమె మిగతా మెట్లు ఎక్కేది. కొన్ని రోజులు ఆకాశంలో విమానమే ఉండేది కాదు. అప్పుడు గద్దను చూపించేది. రెక్క ఆడించకుండా గాలిలో ఎట్లా తేలుతోందో చెప్పేది. రెక్కల గురించి నాకు తెలిసిన మొదటి పాఠాలు ఆ మెట్ల మీదివే. ఊపిరి తీసుకోవడానికి ఆమె ఆ పాఠాలు చెప్పిందని, ఆమెను మట్టిలో పెట్టిన రోజు తల్లి చెబితే తెలిసింది.

ఆఖరి సమీక్షకు జూనియర్లం వెనక కూర్చోవచ్చు. ముగ్గురు సార్లు ముందు వరసలో ఉన్నారు. మిగతా ముగ్గురూ మాట్లాడాక అక్క లేచింది. లేత పసుపు చుడీదార్, నున్నగా దువ్విన జడ. పెద్ద సారు కాగితాలు తిరగేసి అడిగారు.

"ఇంత తక్కువ బరువు నమ్మశక్యంగా లేదమ్మా. ఎట్లా వచ్చింది?"

"వద్దన్నవి చాన ఉన్నయ్ సార్. ఏదైన అడగండ్రి, ఎందుకు వద్దన్ననో చెప్త."

"చక్రాలేవి?"

"వద్దన్న సార్. పొట్ట మీదనే దిగుతది. మేం పంపేది నీళ్ళున్న కాడికి. నీళ్ళల్ల చక్రాలేం చేస్తయ్?"

"మరి రెండో బ్యాటరీ ఎందుకు ఉంచావు? అది తీస్తే ఇంకా తగ్గేది కదా."

"అది ఉండాలె సార్. ఒకటి ఆగిపోతె ఇంకొకటి ఉండాలె గద. బరువు తగ్గియ్యమన్నరని ప్రాణం నిలబెట్టేది తీసేస్తమా?"

సారు నవ్వారు. కూర్చుని చెప్పమ్మా, అలిసిపోయినట్టున్నావు అన్నారు. నిలబడితేనే లెక్కలు యాదికొస్తయ్ సార్ అని ఆమె బల్ల అంచు పట్టుకుని చివరిదాకా నిలబడే చెప్పింది. సీజీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉందని తెర మీద చూపించినప్పుడు, వెనక నుంచి నేను స్తోత్రం అని పైకే అన్నాను. క్లాసంతా తిరిగి చూసింది. అక్క కూడా చూసి, తల కొట్టుకుంది.

ఆ బుధవారం కూడికలో ఆమె లేచి సాక్ష్యం చెప్పింది. సీజీ ముందుకు వచ్చిందనీ, సార్లు మెచ్చుకున్నారనీ, మీ అందరి ప్రార్థనలకు వందనాలనీ. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. మరియవ్వ తన కర్రను వేలు మీద నిలబెట్టబోతే పక్కనున్నవాళ్ళు పట్టుకున్నారు. చప్పట్లు ఆగాక అక్క కూర్చోలేదు.

"ఇంకొక మనవి ఉంది," అన్నది. "జర పెద్దది. వచ్చే బుధవారం చెప్త."

పక్కన ఆమె తల్లి తలెత్తి బిడ్డ వంక చూసింది. ఆ చూపు నేను చూశాను. ఆపరేషన్‌కు రోజు తీసుకున్నారని, బుధవారం చెప్పి ఆ తర్వాత ఆసుపత్రిలో చేరాలనుకున్నారని ఆ చూపులో ఎవరు మాత్రం చదవగలరు?

"ఇప్పుడే చెప్పు పిల్లా," అన్నది అవ్వ. "వచ్చే వారందాక నేనుంటనో లేనో."

"నువ్వు ఉంటవ్ అవ్వా. నీ సీజీ మంచిగుంది."

అందరం నవ్వాము. అయ్యగారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఆ గదిలో అంత నవ్వు నేను మళ్ళీ వినలేదు.

ఆదివారం ఉదయం మందిరానికి తయారవుతూ, దువ్వెన చేతిలో ఉండగానే, అక్క మంచం మీద ఒరిగిపోయింది. తల్లి పిలిచేలోపు అయిపోయింది. మేము మొదటి పాట పాడుతుండగా కబురొచ్చింది. పాట మధ్యలో ఆగింది. హార్మోనియం వాయించే ఆయన ఒక్కరే వినపడక ఇంకో వరస వాయించారు.

సమాధి దగ్గర తల్లి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. సంగతంతా అక్కడే చెప్పింది. డాక్టర్లు ఎప్పుడు చెప్పారో, బిడ్డ ఏమన్నదో. సంఘ పెద్ద ఒకాయన తట్టుకోలేక అడిగాడు.

"గింత సంఘం పెట్టుకొని ఎందుకు చెప్పలే చెల్లె?"

ఆయన ప్రేమతోనే అడిగాడు. ఆమె తల దించుకుంది. ఆ రోజు నుంచి బుధవారాలు రావడం మానేసింది.

కొన్నాళ్ళకు నేను వాళ్ళింటికి వెళ్ళాను. సాయంత్రం వెలుతురులో వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఒక్కదానికి ఎంత కావాలో తెలియనట్టు చేట నిండా పోసుకుంది. నేనూ కూర్చుని ఏరాను. ఏరుతూనే అడిగాను.

"బుధవారం రా పెద్దమ్మా."

"వచ్చి ఏం జెయ్యాలె?"

"ఏం జెయ్యకు. ఊరికె కూసో."

"కూసున్న గద బిడ్డా. ఏడాది పొడుగూత కూసున్న. పక్కపొంటి నా బిడ్డ ఊపిరాడక కూసుంటె, నేను మీ అందరితోని కలిసి రెక్క కోసం, మోటరు కోసం మొక్కిన. ఒక్క మాట నోట్లకెళ్ళి తియ్యలే."

"అక్కనే చెప్పొద్దన్నది గద."

"పిల్ల గట్లనే అంటది. చెప్తె చదువు మానిపిస్తరని దాని భయం. మీరంత దాని ఫికర్‌తోని ఉంటరని, ఎవ్వరు మోస్తరమ్మా అని అన్నది. పిల్ల గాబట్టి అన్నది. నేను తల్లిని. నేను దాని మాట ఎందుకిన్న?"

చేటలోంచి ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరింది.

"ఆయన ఇయ్యలేదని ఆయన మీద కోపం తెచ్చుకుందామంటె, నేను అడగనే లే. అడగాల్సిన నాడు అడగలే. ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని మాట్లాడాలె ఆయనతోని?"

చిన్నప్పటి నుంచి కంఠస్థం చేసిన వాక్యాలు నాకు ఎన్నో ఉన్నాయి. దుఃఖంలో ఉన్నవాళ్ళకు ఏది చెప్పాలో స్త్రీల సమాజంలో నేర్పారు. ఆ వాకిట్లో ఒక్కటి కూడా నోటి దాకా రాలేదు. అడగకముందే ఎరిగినవాడని నమ్మేదాన్ని నేను. ఎరిగినవాడు, ఒక్క బుధవారం దాకా ఎందుకు ఆగలేదో నాకు తెలియదు. ఆ ప్రశ్నను ఆయన ముందే పెట్టాను. జవాబు రాలేదు. ఆయన దగ్గర నుంచి లేచి ఇంకెక్కడికి పోవాలో కూడా నాకు తెలియదు, అందుకని అక్కడే కూర్చున్నాను. పెద్దమ్మ పక్కన కూడా అట్లాగే, బియ్యం అయిపోయేదాకా కూర్చున్నాను.

ఆమె ఇప్పుడు డ్యూటీకి వెళుతుంది, వస్తుంది. వండుకుంటుంది. పలకరిస్తే పలుకుతుంది. ప్రార్థన మాత్రం చేయదు. అన్నం ముందు కూడా కళ్ళు మూసుకోదు. అక్కను మేము పోగొట్టుకున్నాము, ఆమె ప్రభువు దగ్గర ఉందని నా నిరీక్షణ. కానీ ఆ తల్లిని ఇంకా పోగొట్టుకోలేదు. రోజురోజుకూ దూరమవుతోంది, అది చూస్తూ నాకు నిద్ర పట్టడం లేదు.

అందుకే ఇది చదివిన మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ ఊరివారైనా, ఏ సంఘంలో కూర్చునేవారైనా, ఈ కాగితం పక్కన పెట్టి కాసేపు కళ్ళు మూసుకోండి. ఆమె నోట స్తోత్రమే రావాలని అడగొద్దు. ఏడుపైనా, నిష్ఠూరమైనా, తిట్టైనా సరే, ఆయన వైపు తిరిగి ఒక్క మాట రావాలని అడుగుదాం. మీకు వేరే మాటలు దొరక్కపోతే ఇవే అనండి, నాతోపాటు.

తండ్రీ, ఉప్పుగూడలో ఒక తల్లి నీతో మాట్లాడటం మానేసింది. ఆమెకు నీ ముందు మొహం చెల్లడం లేదు. ఆమె వచ్చేదాకా ఆగకు. నువ్వే వాళ్ళ వాకిట్లోకి వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని, ముందు నువ్వే పలకరించు.